ఒకే మీట మీద రెండు అక్షరాలు

మా ఆడపడుచు పేరు బూరుల్. నలభై దాటింది. మా ఊరు నారిన్‌లో ఎవరినడిగినా "ఆ పెళ్ళి చేసుకోనిదా?" అంటారు, అంతకు మించి చెప్పరు. రాజధాని బిష్కెక్‌లో కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాస్తుందని చెబితే "అంటే టైపు కొడుతుందా?" అని అడుగుతారు. చాలా ఏళ్ళు నాకూ అంతే తెలుసు. చదువు మధ్యలో మానేసి పెళ్ళి చేసుకున్నదాన్ని. ఆమె చేసే పని ఎలాంటిదో నాకు తెలిసింది మా ఆయన గొంతు పోయిన చలికాలంలోనే.

ఆయన బస్టాండులో మైకు దగ్గర మనిషి. ఏ బస్సు ఎటు పోతుందో, ఎవరి సంచి ఎక్కడ మర్చిపోయారో చెప్పే గొంతు ఆయనది. నేను పాలకి వెళ్తే బజారులో ఆడవాళ్ళు ఆయన్ను అనుకరిస్తూ "కోచ్‌కోర్ బండి కదులుతోంది, నిద్రపోయేవాళ్ళు లేవాలి!" అని నన్ను నవ్వించేవారు. ఆ గొంతులో కాయ లేచింది. బిష్కెక్ పెద్దాసుపత్రిలో కోసి తీశారు. కాయతో పాటు మాట కూడా పోయింది. మెడ కింద చిన్న చిల్లు, దాని మీద పల్చటి గుడ్డ, ఊపిరి అక్కణ్ణుంచే. మెడకు ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. కాయ మళ్ళీ రాకుండా ఆసుపత్రిలో కరెంటు పెట్టిన చోట చర్మం మాడి పుండైపోయింది, ఆనిస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. దాన్ని తీసి గూట్లో పడేశారు. పిల్లలు బొమ్మలు గీసుకునే తెల్ల పలక ఒకటి మెడలో తాడుకి వేలాడదీసుకుని, చెప్పాలనుకున్నది దాని మీద రాసేవారు.

నేను కోడలిగా వచ్చినప్పుడు బూరుల్ చిన్న బళ్ళో చదువుతోంది. తరవాత కొన్నేళ్ళకే అత్తమామలు ఒకరి వెనక ఒకరు పోయారు. ఇక దాన్ని పెంచింది అన్నే. బడి వదలగానే మైకు గదికి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని లెక్కలు చేసుకునేది. పొరపాటున మైకు ఆపడం మరిచిపోతే ఊరంతా వినేది: "ఏడు తొమ్మిదులు ఎంతే? వేలు నోట్లోంచి తీసి చెప్పు!"

ఆయన ఆసుపత్రి నుంచి వచ్చిన కొద్ది రోజులకే, ఉద్యోగం ఇంటి నుంచే చేస్తానని పైవాళ్ళని ఒప్పించి, కంప్యూటర్ సంచి భుజాన వేసుకుని బూరుల్ వచ్చేసింది. గుమ్మంలోనే పక్కింటి కాలిపా ఎదురైంది.

"ఏమే, మొగుణ్ణి వెతుక్కోమని పట్నం పంపిస్తే ఈ పెట్టెను వెంటేసుకొచ్చావా?"

"వెతికాను కాలిపక్కా. ఇదైతే పిలిస్తే పలుకుతుంది. మీ ఆయన పలుకుతాడా?"

కాలిపా మొగుడికి చెవుడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. లోపల పలక పట్టుకుని కూర్చున్న అన్నను చూసేసరికి బూరుల్ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

అప్పుడే మా మనవరాలు సేయిల్ గోడ పట్టుకుని నిలబడుతోంది. పిల్ల నాలుగడుగులు వేయగానే కాళ్ళకు నల్లా తెల్లా పేనిన దారం కడతాం. పిల్లలు పరుగెత్తుకొచ్చి, ముందు వచ్చినవాళ్ళు ఆ దారం కోస్తారు. తరవాత ఇంటి పెద్ద రెండు అరచేతులూ తెరిచి దీవెన ఇస్తాడు. అది నోటితో, అందరికీ వినపడేలా ఇవ్వాలి. ఆఖర్న ఆయన ఆమీన్ అని చేతులతో ముఖం తుడుచుకున్నాకే మిగతావాళ్ళూ తుడుచుకుని లేస్తారు. తాత ఉండగా ఇంకొకరు ఇవ్వకూడదు.

పిల్ల తండ్రి, మా అబ్బాయి ఊలార్, పెద్ద ఇబ్బంది లేదన్నట్టుగా చెప్పాడు: "నువ్వు రాసివ్వు నాన్నా, నేను చదివేస్తాను."

ఆయన పలక మీద రాశారు: "నువ్వు చదివితే అది నీ దీవెన. నీ గడ్డం నెరిశాక నీ మనవరాలికి ఇచ్చుకో."

బూరుల్ ఆ పలక వంక చాలాసేపు చూసింది.

"అన్నయ్యా, నీ చేత నేను మాట్లాడిస్తాను. నువ్వు టైపు చెయ్యి, అది పలుకుతుంది. మన భాషలోనే. దీవెన నువ్వే ఇస్తావు."

ఆయన పలక తుడిచి, రాయకుండా, దాని తల మీద చెయ్యి వేశారు. అంతే, ఇంట్లో అందరం ఆ ఒక్కదానికోసమే ఎదురుచూడటం మొదలుపెట్టాం.

మా భాషలో రాసింది చదివే గొంతు ఒకటి అప్పటికే ఎవరో తయారుచేశారట. జీతం తీసుకోకుండా చేసి, ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకొమ్మని బయట పెట్టారట.

"ఇంకేం, తెచ్చుకో," అన్నాను.

"వాళ్ళు రొట్టె ఇవ్వరు వదినా. పిండీ, కాల్చే పద్ధతీ ఇస్తారు. కాల్చుకోవడం మన పొయ్యి మీదే." తరవాత కాస్త ఆలోచించి చెప్పింది: "పైగా ఆ గొంతు రాసింది ఒక భాషలో. అన్నయ్య టైపు చెయ్యడానికి నేను తెర మీద చేసిన కిటికీ ఇంకో భాషలో ఉంది. ఒకరి మాట ఒకరికి తెలీదు. మధ్యలో దుబాసీ ఒకడు కావాలి. ఇప్పుడు నేను చేసేది ఆ దుబాసీని."

దుబాసీని పొయ్యి మీద పెట్టడాన్ని ఆమె కంపైల్ చెయ్యడం అనేది. అది కుదరకపోతే తెర నిండా ఎర్ర గీతలు పడేవి. మొదట్లో ఆమెకు అది ఆటలాగే ఉండేది. నేను పిండి పిసుకుతూ అడిగేదాన్ని.

"ఏమంటోంది?"

"ఫలానా ఫైలు లేదంటోంది."

"లేదా మరి?"

"ఉంది. దానికి కనపడే చోట లేదు."

కనపడే చోట పెట్టింది. మర్నాడు మళ్ళీ ఎర్ర గీతలు.

"ఇవాళేమంటోంది?"

"ఇది పాతది, కొత్తది తెమ్మంటోంది."

కొత్తది తెచ్చింది.

"ఇప్పుడో?"

"ఇంత కొత్తది నాకొద్దంటోంది."

"అచ్చం అత్తగారే!" అన్నాను. మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని భుజాలు అదిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వుకి చప్పుడు లేదు. మెడ మీది గుడ్డ మాత్రం రెపరెపలాడింది. నేను పిండి వైపు తల తిప్పేసుకున్నాను.

బూరుల్ టీకి లేచినప్పుడల్లా ఆయన వెళ్ళి ఆ కంప్యూటర్ ముందు కూర్చునేవారు. ఒక్క వేలితో, మీటలు వెతుక్కుంటూ కొట్టేవారు. ఆమె వచ్చేసరికి రాసింది దాచేసేవారు. "ఏం రాశావు?" అంటే పలక చూపించేవారు: "నీ పెళ్ళి సంబంధం."

ఒక పొద్దున అది నిజంగానే మాట్లాడింది. పాల గిన్నె దింపుతున్నదాన్ని అక్కడే నిలబడిపోయాను. "నమస్కారం, నేను మాట్లాడగలను" అంది. కుర్రవాడి గొంతు. ఊలార్ చప్పట్లు కొట్టాడు. ఆయన పలక మీద రాశారు: "మీసం రాని గొంతు."

అందరం నవ్వాం, బూరుల్ తప్ప. ఆమెకది గుచ్చుకుంది.

"బరువు పెంచి, కిందికి దింపొచ్చు అన్నయ్యా. ఆ గొంతు లోపలే అందుకో ఏర్పాటు ఉంది. దాన్ని పేరు పెట్టి పిలిస్తే చాలు. దుబాసీలో ఒక్క వరస కలపాలి. నీ గొంతంత లోతుకి తెస్తాను."

ఆ ఒక్క వరస కలిపింది. దాంతో అంతా ఆగిపోయింది.

"ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరంటోంది వదినా. ఉన్నారు! చూడు, వాళ్ళు రాసింది ఇదీ, నేను రాసింది ఇదీ. తేడా ఏమైనా ఉందా?"

నాకు ఇంగ్లీషు చదవడం రాదు. కుట్టుపనిలో నమూనా పోల్చుకున్నట్టు రెండు పేర్లూ వేలు పెట్టి పోల్చాను. ఒక్కలాగే ఉన్నాయి.

మా మామగారి పేరుకి ఇనుము అని అర్థం. కోడలు ఆ పేరు పలకకూడదు గనక వచ్చిన కొత్తల్లో నేను ఇనుమునంతా "గట్టిది" అనేదాన్ని. ఇనప మూకుడులో పాలు పొంగుతుంటే "గట్టిదాంట్లో పొంగుతున్నాయి, చూడండి!" అని దొడ్లోంచి అరిచాను. మా అత్తగారు "గట్టిదేమిటే, గట్టిదేమిటే" అని ఇల్లంతా వెతికేలోపు పాలన్నీ పొయ్యిలో పోయాయి. ఆమె కాస్త నవ్వుతుందేమోనని అది గుర్తుచేసి, "ఏమో, నువ్వు కూడా వేరే పేరుతో పిలుస్తున్నావేమో," అన్నాను.

"అదే పేరుతోనే పిలుస్తున్నాను!" అని అరిచింది. ఇన్నేళ్ళలో నా మీద గొంతెత్తడం అదే. తరవాత లేచి వచ్చి, నా చేతుల పిండి తనకంటుకుంటున్నా పట్టించుకోకుండా నా భుజం మీద తల పెట్టుకుంది. "కనపడుతోంది వదినా. కళ్ళముందు కనపడుతోంది. లేదంటోంది."

అంతా పీకేసి మొదటినుంచి కట్టింది. ఆ గొంతు తయారుచేసినవాళ్ళకి ఉత్తరం రాస్తే "మా దగ్గర బాగానే ఉంది" అని మర్యాదగా జవాబిచ్చారు. కంప్యూటర్ పాతదన్న అనుమానంతో దాని లోపలివి మార్చింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏదో చెడిందేమోనని మళ్ళీ మొదలుపెట్టేది. చివరికి, ఇలాంటి పనులు చేసేవాళ్ళంతా ఒకరినొకరు సాయం అడిగే చోట, తెలియనివాళ్ళ ముందు తన ఎర్ర గీతలన్నీ పరిచి పెట్టింది. తిండి సరిగా తినేది కాదు.

ఈలోపు సేయిల్ గోడ వదిలేసింది. అది అడుగులు వేస్తుంటే ఆయన వెనకే వంగి నడిచేవారు, వేలు అందిస్తూ. నాలుగడుగులకే ఆయాసం వచ్చేది. ఒక రోజు బూరుల్ ముందు పలక పెట్టారు.

"మీసం రాని గొంతయినా ఫరవాలేదు. ఆ వరస తీసెయ్."

బూరుల్ చదివింది. చదివి పలక తనే తుడిచింది.

"ఇంకొక్క రోజు అన్నయ్యా. దగ్గరికొచ్చేశాను."

ఆయన తల ఊపారు. తనే పెంచారు కదా, దాని సంగతి తెలుసు.

ఆ వారంలోనే ఆయన ఛాతీకి జలుబు దిగింది. మెడ చిల్లుగుండా చలిగాలి తిన్నగా లోపలికి పోతుంది, ఎంత గుడ్డ కప్పినా. ఆసుపత్రిలో ఊలార్ ఆయన చెయ్యి పట్టుకుని ఉండగా పోయారు. పొద్దున్నే. నేను ఇంటి దగ్గర ఆయనకోసం టీ ఫ్లాస్కులో పోస్తున్నాను.

ముంగిట్లో గుడారం వేశారు. ఆడవాళ్ళం లోపల గోడవైపు తిరిగి కూర్చుని, వచ్చినవాళ్ళకు వినపడేలా శోకం పెట్టాలి. పోయినవాడి గుణాలు ఎత్తి పాడాలి. పెళ్ళానికి, కూతురికి, చెల్లెలికి అది తప్పదు. నాకు వచ్చింది నేను ఏడ్చాను. బూరుల్ నోరు తెరిచింది, శబ్దం రాలేదు. మళ్ళీ తెరిచింది. రాలేదు. వెనక ఎవరో అననే అన్నారు: "అన్నకి పోయిందంటే సరే, చెల్లికీ గొంతు పోయిందా? పట్నం చదువు అంతే మరి." కాలిపా వెనక్కి తిరిగి "నువ్వు నోరు మూసుకుని చచ్చినాయన కోసం ఏడు," అంది. ఆ తర్వాత బూరుల్ వంతు కూడా కాలిపాయే ఏడ్చింది.

నలభయ్యవ రోజు కర్మ అయ్యేదాకా ఆ కంప్యూటర్‌ను ఎవరూ తెరవలేదు. వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయాక, నేను గిన్నెలు బోర్లిస్తుంటే, బూరుల్ దాన్ని తెరిచి కూర్చుంది. కాసేపటికి పిలిచింది. "వదినా" అని ఒక్కసారే పిలిచింది గానీ, నేను తడి చేతులతోనే పరుగెత్తాను.

రష్యాలో ఉలాన్-ఉదే అనే ఊరి నుంచి ఎవరో బుర్యాత్ తెగ మనిషి జవాబు రాశాడు. మా ఆయన్ను మట్టిలో పెట్టిన రోజున వచ్చిన జవాబు అది. చదివి వినిపించింది: "మీది కూడా మాలాంటి కీబోర్డే అనుకుంటాను. ఆ పేరు చెరిపేసి, మీటలు ఇంగ్లీషుకి మార్చి, మొదటి అక్షరం నుంచీ మళ్ళీ కొట్టండి. నేనిలాగే ఒక వేసవంతా పోగొట్టుకున్నాను. ఇంగ్లీషువాళ్ళకి ఈ తప్పు చేసే అవకాశమే లేదు, అందుకే వాళ్ళకి తట్టదు."

నాకు అర్థం కాలేదు. ఆమె నా తడి వేలు పట్టుకుని ఒక మీట మీద పెట్టింది.

"దీని మీద రెండక్షరాలున్నాయి. ఇంగ్లీషు 'సి' ఒకటి, రష్యావాళ్ళ నుంచి మనకొచ్చిన 'స' ఒకటి. రెండూ ఒక్కలాగే ఉంటాయి, సగం చందమామలాగ. చూసే కంటికి తేడా లేదు. యంత్రానికి మాత్రం ఇది వేరు, అది వేరు. అన్నయ్య టైపు చేసి లేచాడు వదినా. మీటలు మన అక్షరాల మీదే ఉండిపోయాయి. నేను కూర్చుని ఆ పేరు మొదలుపెట్టాను. మొదటి అక్షరం బాగానే కనపడింది. రెండోది మన అక్షరం పడగానే తెలిసింది, చెరిపి, ఇంగ్లీషుకి మార్చుకుని మిగతాది కొట్టాను. మొదటిదాన్ని ఎందుకు చెరుపుతాను? అది బాగానే ఉందిగా!"

ఆ ఒక్క అక్షరం చెరిపింది. మీటలు మార్చింది. అదే మీట మళ్ళీ నొక్కింది. కంపైల్ పెట్టింది. నేను ఎర్ర గీతల కోసం చూస్తున్నాను. ఏమీ రాలేదు.

"మళ్ళీ ఆగిపోయిందా?"

"లేదు. అయిపోయింది. తప్పు లేకపోతే అది ఏమీ అనదు."

తరవాత ఆమె రోజంతా ఆ గదిలోంచి బయటికి రాలేదు. నేను రెండుసార్లు టీ పెట్టాను, రెండుసార్లూ చల్లారింది. ఆ తర్వాత చాలా రోజులు, కూరలు తరుగుతున్నప్పుడో బట్టలు ఆరేస్తున్నప్పుడో ఉన్నట్టుండి "ఆ వరస తీసెయ్యమన్నాడు వదినా" అనేది. నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. అది వినేది కాదు.

మంచు కరిగాక, ఇక ఆలస్యం చేస్తే పిల్ల తడబడుతుందని, సేయిల్‌కి దారం కొయ్యడానికి రోజు పెట్టారు. అప్పటికే అది కోళ్ళ వెంట పరుగులు తీస్తోంది. ముందురోజు పెద్దలు కూర్చున్నారు. దీవెన ఇప్పుడు చినమామయ్య ఇవ్వాలి, మా మామగారి తమ్ముడు. బూరుల్ వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"బాబాయ్, అన్నయ్య దీవెన రాసిపెట్టాడు. యంత్రంలో పిల్ల పేరుతో ఉంది. నేను తెరిచి కూడా చూడలేదు. రేపు దాని చేత పలికిస్తాను."

చినమామయ్య గడ్డం నిమురుకున్నాడు. చెడ్డమనిషి కాదు.

"అమ్మా, పోయినవాళ్ళు మనల్ని దీవించరు. పోయినవాళ్ళ కోసం మనం చదువుతాం. అది పద్ధతి."

"రాసినప్పుడు బతికే ఉన్నాడుగా!"

"రాసినప్పుడు ఉన్నాడు. పలికేటప్పుడు లేడు. పిల్ల మొదటి అడుగుకి చావు గొంతు వినిపిస్తామా?"

బూరుల్ తల వంచుకుంది. తను ఆ ఒక్క రోజు అడగకపోయి ఉంటే ఈ మాట పుట్టేదే కాదని అది అనుకోవడం నాకు వినపడినట్టే ఉంది. పెద్దల ముందు నేను మాట్లాడను, ముప్పై ఏళ్ళుగా మాట్లాడలేదు. గుమ్మంలోంచే అన్నాను.

"బయట మీరివ్వండి మామయ్యా. అది మీ చేతిలోదే. లోపల వంటింట్లో మేమేం చేసుకుంటున్నామో మగవాళ్ళు ఎప్పుడడిగారు గనక?"

అందరూ నా వైపు తిరిగారు.

"అడగలేదు, నిజమే," అన్నాడు చినమామయ్య. "తలుపు వేసుకోండి."

మర్నాడు బయట అంతా పద్ధతిగా జరిగింది. పిల్లలు పరుగెత్తారు, ఊలార్ మరదలి కూతురు ముందొచ్చి దారం కోసింది, చినమామయ్య దీవించాడు. నేను సేయిల్‌ని ఎత్తుకొచ్చి వంటింటి తలుపు వేశాను. చేతిలో నూనె ఓడే పిండి బిళ్ళ ఒకటి ఉంది దానికి. బూరుల్ పిండి బల్ల మీద కంప్యూటర్ పెట్టింది. అరచేతులు తెరుచుకున్నాం. ఆమె మీట నొక్కింది.

లోతైన గొంతు. ఆయనది కాదు. ఆయనలాగా ఉండాలని ఎవరో పాటుపడుతున్న గొంతు. మాటలు మాత్రం ఆయనవే.

"సేయిల్, నీ పాదం పడే చోట రాయి ఉండకూడదు. నీ ముందు నడిచేవాళ్ళు నీకు దారి చెప్పాలి, వెనక నడిచేవాళ్ళు నీ మాట వినాలి. నీకంటూ ఒక ఆవు ఉండాలి. నీ ఆవులో పొయ్యి ఎప్పుడూ ఆరకూడదు. నీ ఆవు తలుపు చుట్టాలకు ఎప్పుడూ తెరిచే ఉండాలి."

బూరుల్ ఉలిక్కిపడింది. మా భాషలో ఇల్లుకీ ఆవుకీ ఒక్క అక్షరమే తేడా. ఇల్లు అనే మాటలో వచ్చే ఆ అక్షరం రష్యావాళ్ళకి లేదు, మీటల మీద అది మూలన ఎక్కడో దాక్కుని ఉంటుంది. మేమెవరం దానికోసం వెతకం, దగ్గరున్నది కొట్టేస్తాం. చదివేవాళ్ళ కన్ను దిద్దుకుంటుంది. ఆయనా ఒక్క వేలితో అదే కొట్టారు. యంత్రం ఉన్నదున్నట్టు చదివింది. ఆవులో పొయ్యి!

నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక అదే మొదలు. బూరుల్ చెయ్యి అప్పటికే మీటల మీదికి పోయింది.

"ఆపేస్తాను వదినా, ఒక్క అక్షరం, దిద్ది మళ్ళీ..."

"ముట్టుకోకు."

"తప్పు చదువుతోంది!"

"ఆయన రాసింది అదే. చెప్పనియ్యి."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ తెరిచి పట్టుకుంది. గొంతు ఆగకుండా చెబుతూనే ఉంది.

"ఆడదానివని ఎవరైనా నిన్ను తగ్గించి మాట్లాడితే, మైకు లాక్కుని జవాబు చెప్పు. మా బూరుల్‌కున్న మొండితనం నీకు రావాలి."

తరవాత ఏమీ లేదు. ఇంకా ఉందనుకున్నాం. చేతులు అలాగే పట్టుకుని తెర వైపు చూశాం. బయట పళ్ళేల చప్పుడు, నన్ను పిలుస్తున్నారు.

"అంతే వదినా," అంది బూరుల్. చెంపల మీంచి కారుతున్నది తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "అంతవరకే రాశాడు. ముగించలేదు."

దీవెన ఇచ్చినవాడు ఆమీన్ అనేదాకా తెరిచిన చేతులు దించకూడదు. యంత్రం అనలేదు. బూరుల్ అనలేకపోతోంది. పిల్ల చేతులు కూడా మమ్మల్ని చూసి అలాగే తెరిచి ఉన్నాయి, నూనె ఓడుతూ.

నేనే అన్నాను.